పోశెట్టి మామ డబ్బాలో మా అర

మా మేనమామ పోశెట్టి గారు కాలధర్మం చెంది నేటికి ముప్పై మూడు రోజులు. ఆ వార్త నాకు తరగతి గదిలో అందింది. జూనియర్ కాలేజీ పిల్లలకు మరాఠీలో కాంతి పరావర్తనం చెబుతున్నాను. ఫోను మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి వరండాలోకి వచ్చి ఎత్తితే మా గంగవ్వత్త, ఏడుపు ఇంకా రాని గొంతుతో, "మీ మామ పోయిండు బిడ్డా. చాయ తాగి కప్పు కింద వెట్టిండు, గట్లనే ఒరిగిండు" అంది. డెబ్బై ఏళ్ళు దాటినా ముందురోజు సాయంత్రం వరకు దుకాణంలో కూర్చుని గిరాకీలతో వాదులాడిన మనిషి అంత నిశ్శబ్దంగా నిష్క్రమిస్తారని నేనెన్నడూ ఊహించలేదు.

ఇటువంటి సంతాప వ్యాసాలలో రాసేవాడు తన దుఃఖాన్ని ముందు చెప్పుకుంటాడు. నేను నా సిగ్గును ముందు చెప్పుకోవాలి. ఆ వరండాలో నిలబడ్డ క్షణాన నా మనసులో మెదిలింది ఆయన ఇంట్లో టీవీ పక్కన నాలుగు పచ్చదీపాలతో వెలిగే ఒక నల్లటి డబ్బా. అందులో నా భార్య సునంద గొంతు ఉంది. రెండేళ్ళ కిందట కన్నుమూసే ముందు ఆమె మా అమ్మాయి మేఘన కోసం ఫోనులో మాట్లాడి దాచిన మాటలన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మామ పోయారు సరే, ఇప్పుడా డబ్బా ఎవరి చేతుల్లో పడుతుంది, ఎవరు దాన్ని ఏం చేస్తారు అన్న అనుమానం నాకు కన్నీళ్ళకంటే ముందొచ్చింది. అనుమానించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సరిగ్గా నేర్చుకోలేదని మాత్రం ఈ నెల రోజుల్లోనే తెలిసింది.

మామను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. తాతలనాడే నిజామాబాదు దిక్కునుంచి వచ్చి నాందేడులో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. బజారులో స్టీలు సామాన్ల దుకాణం. గిరాకీతో మరాఠీ, సరుకు తెచ్చేవాళ్ళతో దక్కనీ, ఇంట్లో తెలుగు. ఏ కంపెనీ గిన్నె వచ్చినా ముందు దాని మీద అతికించిన కాగితాన్ని గోటితో గీకి పారేసేవారు. తర్వాత గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి వినేవారు. స్టీలు పలుచనైతే ఆ మోతలోనే పట్టేవారు. "కాగదం మీద రాసింది కాగదం సంగతి. గిన్నె సంగతి గిన్నెనే చెప్పాలె" అనేవారు. ఆయన తిప్పి పంపిన సరుకు పక్క దుకాణాల్లో దర్జాగా అమ్ముడయ్యేది. దానికి ఆయన నొచ్చుకున్నది నేను చూడలేదు.

గిన్నె కొన్నవాళ్ళకు దాని మీద పేరు చెక్కి ఇవ్వడం ఆ దుకాణం ఆచారం. ఆ చిన్న కరెంటు మిషను మామ ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. పెళ్ళిళ్ళలో ఇరుగుపొరుగు గిన్నెలు, గంగాళాలు అన్నీ ఒకచోట కలుస్తాయి కదా. విందు కాగానే ఆయన అంట్లు తోమేచోట కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్క గిన్నె తిప్పి పేరు చదివి, ఎవరింటిది వారింటికి పంపించేవారు. "ఏందన్నా, పోలీసోని లెక్క కూసున్నవ్, మేమేమన్న దొంగలమా?" అని ఒకసారి పెళ్ళికొడుకు తండ్రే అలిగాడు. మామ తల ఎత్తకుండానే, "నువ్వు దొంగవని నేనంటలేను. గిన్నెకు కాళ్ళుంటయ్, గది నా షక్కు" అని తన అనుమానం చెప్పారు. ఆ పెళ్ళిలో ఒక్క చెంచా కూడా తప్పిపోలేదు.

ఇక ఆ డబ్బా కథ. మామ కూతురి పెళ్ళి ఫోటోలన్నీ స్టూడియోవాళ్ళు ఒక హార్డ్ డిస్కులో పెట్టి ఇచ్చారు. మామ దాన్ని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచారు. రెండేళ్ళ తర్వాత తీసి కంప్యూటరుకు తగిలిస్తే టక్కు టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. హైదరాబాదు దాకా తీసుకుపోయారు, లాభం లేకపోయింది. తిరిగి వచ్చిన రోజు ఆ డిస్కును చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "దీనికి జరం రాలె, దగ్గు రాలె. చెప్పకుంట పోయింది" అన్నారు. ఆ తర్వాత ఒంటరి డిస్కును నమ్మినట్టు నేను చూడలేదు.

అరవై దాటిన వయసులో ఫోనులో హిందీ వీడియోలు చూసి, నోటుబుక్కులో రాసుకుని, నాలుగు డిస్కులు పట్టే ఆ డబ్బా తెప్పించారు. ఇంటి వైఫైకి కలిపి పెడితే ఎక్కడున్న చుట్టమైనా తన ఫోనులోంచి తన ఫోటోలు అందులో దాచుకోవచ్చు. డిస్కులన్నింటిలో సమాచారాన్ని అది ఎట్లా పంచి రాస్తుందంటే, నాలుగింటిలో ఒక డిస్కు చచ్చినా మిగిలిన మూడూ కలిసి అందులో ఏముండేదో చెప్పగలవు. రెండు పోతే మాత్రం అంతా పోయినట్టే. మామ బంధువర్గంలో నాలుగు ఇళ్ళను ఎంచుకున్నారు: మా ఇల్లు, నాయ్‌గావ్‌లో తన చెల్లెలు రాజవ్వ చిన్నమ్మ ఇల్లు, ఉమ్రిలో గంగవ్వత్త తమ్ముడు దిగంబర్ కాకా ఇల్లు, మర్ఖేల్‌లో తన చిన్ననాటి స్నేహితుడు సాయన్న ఇల్లు. "డబ్బా నాది, డిస్కు మీది. తలా ఒకటి తెండి" అని కబురు పెట్టారు.

నాలుగూ ఒకే రకం, ఒకే దుకాణంలో కొందాం మామా, పొందికగా ఉంటాయి అని నేను సలహా ఇచ్చాను. సైన్సు సారునన్న గర్వంతోనే ఇచ్చాను. ఆయన నావైపు జాలిగా చూశారు. "ఒక్క కంపిని, ఒక్క దినం తయారైనయి, ఒక్క డబ్బాల పక్కపక్కన కూసున్నయి. వాటికి రోగమొస్తె ఒక్కసారే వస్తది. నువ్వు పిల్లలకు చదువు చెప్తవా, ఏం చెప్తవ్ రాజేశా?" అన్నారు. అట్లా నాలుగు ఇళ్ళనుంచి నాలుగు రకాలు చేరాయి. చిన్నమ్మది పాత కంప్యూటరులోంచి ఊడదీసిన ఒక టెరాబైటుది. దిగంబర్ కాకాది తన విత్తనాల దుకాణం లాప్‌టాప్ పక్కన పడి ఉన్న రెండు టెరాలది. సాయన్నది కూడా రెండే, కానీ వేరే కంపెనీ. నాది కొత్తది, నాలుగు టెరాలది. ప్రతిదాన్నీ మామ మూడు రోజులు విడిగా తిప్పి, స్టీలు గ్లాసును దానిమీద ఆనించి అడుగుకు చెవి పెట్టి విన్నారు. చిన్నమ్మ మొదట పంపిన డిస్కు లోపల కొరుకుతున్న చప్పుడు వస్తోందని తిప్పి పంపారు. "మా అన్న నా డిస్కును గూడ నమ్మడు" అని చిన్నమ్మ ఆరు నెలలు మాట్లాడలేదు. అన్నీ కుదిరాక, డిస్కు మీద నేరుగా చెక్కితే లోపల దెబ్బతింటుందని సన్నటి స్టీలు రేకుల మీద పేర్లు చెక్కి ఒక్కోదానికి అతికించారు.

నా అనుమానానికి ఆనాడే బీజం పడింది. నాలుగు టెరాలు ఇచ్చాను, డబ్బాలో లెక్క చూస్తే నా డిస్కులో రెండే వాడుకలో ఉన్నాయి. మిగతా రెండు ఏమైనట్టు? దుకాణానికి పోయి సూటిగా అడిగాను.

"నీ డిస్కు పెద్దది. మిగిలినయి చిన్నయి" అన్నారు మామ, ఒక పెద్ద గిన్నె తీసి దానిమీద చిన్న మూత పెట్టి చూపిస్తూ. "పైన మిగిలిన రెండు టెరాలల్ల నేను ఏమన్న వెడితే, గది నీ ఒక్క డిస్కుకే ఎరుక. రేపు నీ డిస్కు చస్తె, దాంట్ల ఏముండెనో చెప్పేటోడు లేడు. సాక్షి లేని తాన నేనేం వెట్టను. ఇంకొకడు పెద్దది తెచ్చిన్నాడు నీది పనికొస్తది."

సిద్ధాంతం నాకు అర్థమైంది. పిల్లలకు నేనే చెప్పగలను. అయినా మనసు ఒప్పుకోలేదు. ఈయన ఆ రెండు టెరాలలో తనవేవో దాచుకున్నాడేమో, మా ముందు మూత, గిన్నె అని నాటకమాడుతున్నాడేమో అనుకున్నాను. ఇంటికి వచ్చి సునందతో అంటే ఆమె కడుపుబ్బ నవ్వింది. మా ఇంటి తరఫున డబ్బాతో పని అంతా ఆమే చూసుకునేది. ఫోటోలు పంపడం, తియ్యడం, అత్తతో కబుర్లు చెప్పి రావడం అన్నీ ఆమెవే. నేను మామ ఇంటికి పోవడం తగ్గించాను.

మూడేళ్ళ కిందట సునందకు జబ్బు బయటపడింది. హైదరాబాదులో చూపించాం. చుట్టాల్లో ఒక్కరికి కూడా చెప్పకూడదనుకున్నాం, ముఖ్యంగా మేఘన చెవిన పడకూడదని. కాగితాలు పోతాయేమోనని సునంద వాటి ఫోటోలు తీసి డబ్బాలో పెట్టింది. వారం తిరగకముందే బజారులో మామ ఎదురై, గొంతు తగ్గించి, "హైదరాబాద్ డాక్టర్ ఏమన్నడు?" అని అడిగారు.

"నీకెవలు చెప్పిండ్రు మామా?"

"ఎవలో చెప్పిండ్రు తియ్. మంచి డాక్టరేనా, కాదా? గది చెప్పు."

ఎవరు చెప్పారో ఎంత అడిగినా చెప్పలేదు. ఇంకేం కావాలి? కాగితాలు డబ్బాలో ఉన్నాయి, డబ్బా ఆయన ఇంట్లో ఉంది. తెరిచి చదివాడు, అంతే. నా ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిలో చెంచాలు లెక్కపెట్టే పెద్దమనిషి మా ఇంటి రహస్యాలు తవ్వుకుంటున్నాడని తీర్పు చెప్పేశాను. అన్నీ తీసెయ్యమని సునందతో గొడవపడ్డాను. "మామ మీద గూడ షక్ చేస్తె ఇగ నీకు నమ్మెటానికి ఎవలు మిగుల్తరు?" అందామె. ఒక్కటి కూడా తియ్యలేదు. పైగా చివరి నెలల్లో, ఓపిక ఉన్న పూటల్లా, మంచం మీద గోడకు ఆనుకుని మేఘనకు చెప్పవలసినవన్నీ ఫోనులో మాట్లాడి అందులోనే దాచింది. ఆమె పోయాక ఫోను మొరాయించింది. బాగుచేసి ఇస్తానన్నవాడు అందులో ఉన్నదంతా తుడిచి ఇచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను మామను ఆ మాటల గురించి అడగలేదు. వినే ధైర్యం లేదని బయటికి చెప్పుకున్నాను. అసలు సంగతి వేరే. నాకంటే ముందు ఆయన విన్నాడని, మధ్యాహ్నం పూట భోజనం చేసి భార్యాభర్తలిద్దరూ కూర్చుని నా భార్య గొంతు వింటున్నారని నాకు గట్టి నమ్మకం. అట్లాంటి మనిషి ముందు చెయ్యి చాచడానికి నా అహం అడ్డొచ్చింది. రెండు నెలల కిందట మేఘన అన్నం తింటూ తింటూ, "పప్పా, అమ్మ గొంతు యాదికి తెచ్చుకుంటుంటె నా గొంతే వినపడ్తుంది. నేను మర్చిపోతున్ననేమో" అంది. పరీక్షలు కాగానే తెస్తానని మాటిచ్చాను. పరీక్షలు అయ్యేలోపు మామ వెళ్ళిపోయారు.

తొమ్మిదో రోజున అత్త దగ్గరికి వెళ్ళాను. డబ్బాలో ఒక్క దీపం కూడా లేదు. డిస్కులు పెట్టే నాలుగు గూళ్ళూ ఖాళీ. నేను నోరు తెరిచేలోపే అత్త లోపలికి పోయి కొత్త తువ్వాల్లో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే నా డిస్కు, రేకు మీద మామ చేత్తో చెక్కిన నా పేరు.

"నీ సామాను నీకు ముట్టింది బిడ్డా. పదో దినం లోపల ఎవలది వాళ్ళకు ఇచ్చెయ్యాలె. పోయినాయన మీద పరాయి సామాను ఉండొద్దు."

"మిగిలినయి ఏవి అత్తా?"

"పంపిన. పేర్లు చదివి అందరియి పంపిన. రాజవ్వ నిన్న అచ్చి తీస్కపోయింది. మర్ఖేల్ సాయన్న, మా దిగంబర్ మూడో దినం అచ్చినప్పుడే ఇచ్చిన. స్విచ్ బంద్ చేసి, మీ మామ తీసేటట్లనే మెల్లగ గుంజిన."

మా ఇళ్ళలో ఇది తప్పు పని కాదు. మనిషి పోతే అరువు తెచ్చుకున్న గంగాళమైనా, నిచ్చెనైనా దినకర్మ లోపు ఎవరింటిది వారింటికి చేరాల్సిందే. అత్త నలభై ఏళ్ళుగా గిన్నెల మీది పేర్లు చదివి పంపినట్టే ఇవీ పంపింది. కానీ నాకప్పుడు ఆ ధర్మం తలకెక్కలేదు. ఇది అత్త బుద్ధి కాదు, వెనక ఎవరో చెప్పి చేయించారు, దిగంబర్ కాకాయే అయ్యుంటాడు అనుకున్నాను. "అడ్గకుంట ఎందుకు తీసినవ్?" అని గద్దించాను. "అడ్గుడేంది? పేరుండె కద" అంది అత్త అమాయకంగా. నాలుగు డిస్కుల్లో కనీసం మూడు, లోపల చెరగకుండా తిరిగి చేరితేనే సునంద మాటలు మిగులుతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ డిస్కును విడిగా కంప్యూటరుకు తగిలిస్తే అది ఖాళీదన్నట్టే కనిపిస్తుంది, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. సరే అని ఎవరు నొక్కినా కథ ముగిసినట్టే. ఫోన్లు చేస్తే ఒక్కరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నాయ్‌గావ్ పోయాను. చిన్నమ్మ డిస్కును బియ్యపు డబ్బాలో దాచింది. ఇవ్వడానికి మాత్రం చేతులు రాలేదు. "అన్న పోయి పది దినాలు కాలె, నువ్వు డిస్కులు జమ చేసుకుంట తిరుగుతున్నవ్. ఏముంది రా అందుల? మాకు చెప్పకుంట ఏమన్న దాచిండా?" అని నిలదీసింది. సునంద మాటల సంగతి చెప్పాను. ఆమె "నిజమే అంటవా?" అని, చివరికి నా చేత డిస్కు ముట్టినట్టు కాగితం రాయించుకుని ఇచ్చింది.

అక్కడినుంచి మర్ఖేల్. సాయన్న కోడలు ఊళ్ళో ఆన్‌లైన్ అర్జీలు నింపే దుకాణం నడుపుతుంది. నేను డిస్కు అనగానే ఆమె చిరునవ్వుతో, "మంచి డిస్కు పంపిండ్రు అన్నా. ఖాళీగనే ఉండె. ఫార్మాట్ అడిగింది, సరే అన్న" అని చెప్పింది. అప్పటికే ఊరివాళ్ళ అర్జీలు అందులో ఎక్కించేసింది. సాయన్న నీళ్ళు తెచ్చి ఇచ్చి, "మా పోశెట్టి నన్ను గూడ ఎన్నడు నమ్మలె. ఇప్పుడు సమజైంది ఎందుకో" అని తలపట్టుకున్నాడు. ఇక మిగిలింది ఉమ్రి ఒక్కటే. అది పోతే సునంద గొంతు మేఘనకు మరి దక్కదు.

ఉమ్రిలో రైలు దిగి విత్తనాల దుకాణానికి దాదాపు పరిగెత్తాను. దిగంబర్ కాకా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. డిస్కు తగిలించి ఉంది. తెర మీద అదే ప్రశ్న, ఫార్మాట్ చెయ్యమంటావా అని. నేను అరిచిన అరుపుకు బజారు మొత్తం తిరిగి చూసింది. కాకా చెయ్యి ఆగింది కానీ కళ్ళెర్రజేశాడు.

"మా అక్క ఖాళీ డిస్కు పంపింది. మా నాయిన ఫోటోలు, మా అమ్మ ఫోటోలు ఏవి? ఎవలు తీసిండ్రు? నువ్వేనా మాస్టరూ?"

"ఖాళీ కాదు కాకా. మిగిలినవాటితోని డబ్బాల కలిస్తెనే కనపడ్తయి. నీ కాళ్ళు మొక్కుత, గది నాకియ్యి."

"నీకెందుకియ్యాలె? నువ్వు మీ మామ మీద షక్ చేస్తవని నాందేడ్ల అందరికి ఎరుకే. అసొంటోన్ని నేనెట్ల నమ్మాలె?"

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. డిస్కు ఆయన చేతిలోనే ఉంటుంది, ఆయనే స్వయంగా తెచ్చి డబ్బాలో పెడతాడు. దుకాణం మూసి నాతో రైలెక్కాడు. దారి పొడుగునా డిస్కు ఒళ్ళో పెట్టుకుని, నేను చెయ్యి కదిపినప్పుడల్లా దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ అనుమానస్తుడో తేల్చడం ఆ డబ్బాకు కూడా సాధ్యం కాదు.

మామ ఇంట్లో మూడు డిస్కులూ పెట్టి స్విచ్ వేశాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మూడు దీపాలు పచ్చగా, ఒకటి ఎర్రగా వెలిగి, డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది. "ఒక్కటి లేదని ఏడుస్తున్నదా బిడ్డా అది?" అని అడిగింది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఏడుస్తూనే అది బతికింది. నాలుగిళ్ళ పేర్లతో నాలుగు అరలు ఫోను తెర మీద కనిపించాయి. దిగంబర్ కాకా మాకు వీపు చూపి, ఫోనును ఛాతీకి ఆనించుకుని ఏదో కొట్టాడు. ఆయన అర తెరుచుకుంది. వాళ్ళ అమ్మ కల్లంలో జొన్నలు తూర్పారపడుతున్న ఫోటో చూసి ఆ మొండిమనిషి నిలువునా కరిగిపోయాడు. "నేను గా 'సరే' నొక్కేటోన్ని మాస్టరూ" అంటూ నా భుజం పట్టుకున్నాడు.

నేను మా ఇంటి అరను తాకాను. అది తాళం తీసే రహస్యపు మాట ఒకటి అడిగింది.

"ఏం కొట్టాలె అత్తా?"

"సునంద వెట్టిన మాట కొట్టు. ఎవలింటి అరకు వాళ్ళ మాట ఉంటది గద."

"నాకు తెల్వదు. మామ ఏడనో రాసి పెట్టి ఉంటడు. ఆ నోటుబుక్కు ఏది?"

అత్త నన్ను వింతగా చూసింది. "మీ మామకేం తెలుసు? సునంద మాట వెడుతుంటె ఆయన మొఖం గోడ దిక్కు తిప్పుకొని నిలవడ్డడు. చెప్త మామా, మీకు గూడ తెల్వాలె అంటె చెవులు మూసుకున్నడు. 'నాకు తెలిస్తె ఎన్నడో ఒకనాడు నా చెయ్యి ఊకుండదు. నన్ను నేను నమ్మ. నాకు చెప్పకు' అన్నడు. ఎవలింటిదీ ఆయన తెరువలె బిడ్డా. తెరువరాదు."

"మరి హైదరాబాద్ డాక్టర్ సంగతి ఎట్ల తెలిసింది?"

"సునందనే చెప్పింది నాకు, నా ఒళ్ళె తలవెట్టుకొని ఏడ్సుకుంట. నేను ఆయనకు చెప్పిన. నీకు తెలిస్తె కోపానికొస్తవని, తన పేరు తియ్యద్దని ఒట్టు వేయించుకున్నది. గందుకే మీ మామ నువ్వు ఎన్ని తీర్ల అడిగినా చెప్పలె. సునంద దవాఖానల ఉన్నప్పుడు గూడ ఆమెను, 'మీ ఆయనకు డబ్బా మాట చెప్పినవా' అని అడిగిండు. ఈ మాపు చెప్త అన్నది."

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. ఇంతకాలం దానికి అర్థం తెలియదు. సునంద నా చెయ్యి పట్టుకుని, "మామ డబ్బా సంగతి ఒకటి చెప్పాలె నీకు" అని మొదలుపెట్టింది. నేను చెయ్యి విడిపించుకుని, "గా డబ్బా పేరు నా ముందట ఎత్తకు" అని లేచి బయటికి పోయాను. మర్నాడు ఆమెకు మాట పడిపోయింది.

డబ్బా తయారుచేసినవాళ్ళకు ఫోన్ చేశాను. ఆ మాట లేకుండా తెరవడం తమవల్ల కూడా కాదన్నారు. ఇరవై రోజులుగా నేనూ మేఘనా తోచిన మాటలన్నీ కొట్టి చూస్తున్నాం. మా పేర్లు, ఊళ్ళు, పుట్టినరోజులు, సునందకు ఇష్టమైన కూరలు. మర్ఖేల్ సాయన్న కొత్త డిస్కు కొని, కోడలిని వెంటబెట్టుకుని వచ్చి నాలుగో గూటిలో పెట్టించి పోయాడు. చిన్నమ్మ ఫోటోలు చిన్నమ్మకు, సాయన్నవి సాయన్నకు, కాకావి కాకాకు దక్కాయి. ఎవరిదీ ఒక్క ఫోటో చెరగలేదు. మా అర మాత్రం మూసే ఉంది.

నమ్మకాన్ని నోటితో చెప్పుకునేవాళ్ళు ఈ లోకంలో కోకొల్లలు. తన చేతిని తానే అనుమానించి, పదిమంది గుట్టు తన ఇంట్లో ఉన్నా తనకే అందకుండా తాళం వేసుకున్న మనిషిని నేను ఇంకొకరిని ఎరుగను. అటువంటి సత్యసంధుడు మా అమ్మ వంశంలో పుట్టినందుకు గర్విస్తూ, ఆయనను దొంగగా తలచిన నా నీచత్వానికి తలవంచి ఆయన పాదాలకు నమస్కరిస్తున్నాను. నాందేడు తెలుగు ఇళ్ళకు ఈ లోటు తీరేది కాదు.

నిన్న మేఘన అడిగింది: "పప్పా, పోశెట్టి తాత అమ్మ మాటలు ఇన్నడు అంటుంటివి గద. ఏం చెప్పిందో ఆయన ఎవలకన్న చెప్పిండా?"

ఇన్నేళ్ళు ఆయన విన్నారని ఆయన మీద పగపట్టాను. ఆయన వినలేదని నా బిడ్డకు చెప్పడానికి నిన్న నాకు నోరు రాలేదు. మామా, ఒక్కసారి, ఒక్క మాటైనా దొంగతనంగా విని ఉంటే ఎంత బాగుండేది.